చూసినవీ, చదివినవీ, విన్నవీ: బస్సుల కూసున్నోడు సదవాలె!

ఈ శీర్షిక ఈ వారం నా నెత్తిన పడింది. “ఈమధ్య మీరు చదివినవి, చూసినవి, విన్నవి రాయండి. మా పాఠకులు కుర్రకారు, సినిమా పిచ్చోళ్ళు. బోరు కొట్టించారో, పేజీ తిప్పేస్తారు జాగ్రత్త!” అని హెచ్చరించి మరీ అప్పజెప్పారు. సరేనన్నాను. అన్న తర్వాత భయం పట్టుకుంది. నేను హీరోను కాను, డైరెక్టరును కాను, కనీసం షూటింగులో గొడుగు పట్టినవాణ్ణి కూడా కాను. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో డిజైన్ మేనేజరుని.

అదేం ఉద్యోగమని మీలో కొందరైనా అడుగుతారు. మా పక్కింటి పిన్నిగారు నేను చీరల మీద డిజైన్లు వేయిస్తానని నాలుగేళ్ళు నమ్మారు. పండక్కి ఒక చీర తక్కువ ధరకి ఇప్పించమని కూడా అడిగారు. నా పనేమిటంటే, మీరు ఫోనులో సినిమా టికెట్టు కొంటారు చూడండి, ఆ సీట్ల బొమ్మ ఎంతుండాలి, డబ్బు కట్టే బొత్తాం ఎక్కడుండాలి, ఏ రంగైతే వేలు సరాసరి దానిమీదికే పోతుంది... ఇలాంటివన్నీ ఎవరో ఒకరు కూర్చుని గీయాలి కదా! మా దగ్గర గీసేవాళ్ళు తొమ్మిది మంది. వాళ్ళు గీసింది బాగుందో లేదో వాళ్ళతో తగువు పడటం నా ఉద్యోగం. మా కంపెనీ టికెట్లు అమ్మదు లెండి, మీకు తెలిసిన ఉదాహరణ చెప్పానంతే.

పుట్టింది ముషీరాబాద్‌లో, ఉంటున్నదీ ముషీరాబాద్‌లోనే. పొద్దున్నే మెట్రో ఎక్కి, పెరేడ్ గ్రౌండ్స్ దగ్గర బండి మారి ఆఫీసుకు పోతాను. ఆదివారం మాత్రం అటు కాదు, ఇటు. ఒక స్టేషను దిగితే ఆర్టీసీ క్రాస్ రోడ్స్, ఇంకోటి దిగితే చిక్కడపల్లి, ఆ తర్వాత నారాయణగూడ. ఈ లైను 2020 ఫిబ్రవరిలో మొదలైంది. దానివల్ల నాకు జరిగిన మహోపకారం ఏమిటంటే, క్రాస్ రోడ్స్ థియేటర్ల ముందు కట్టే పెద్ద బొమ్మలు ఇదివరకు మెడ ఎత్తి చూసేవాణ్ణి, ఇప్పుడు పెట్టెలో కూర్చుని కంటికి సమానంగా చూస్తున్నాను. హీరోగారూ నేనూ ఎదురెదురుగా! ఆ భాగ్యం మూడే మూడు సెకండ్లు. ఆ మూడు సెకండ్లలో సినిమా పేరు చదవగలిగానా లేదా అన్నది నా పరీక్ష. ఈమధ్య ఎక్కువ పోస్టర్లు తప్పుతున్నాయి. హీరో వీపు మనవైపు, చేతిలో ఏదో ఆయుధం, చుట్టూ నిప్పు రవ్వలు, పేరు ఇనుప రేకుతో చేసినట్టు మెరుస్తూ ఉంటుంది. ఆ మెరుపులో ‘త’ ఏదో ‘న’ ఏదో తేలేలోపు బండి కదిలిపోతుంది.

ఈ పరీక్ష నేను కనిపెట్టింది కాదు. మా చిన్నాయనది.

మా చిన్నాయన థియేటర్లకు బ్యానర్లు గీసేవాడు. ఫ్లెక్సీలు రాని రోజులు. గుడ్డను కర్రచట్రానికి బిగించి, సుద్దతో గళ్ళు కొట్టి, చేతిలో ఉన్న అరచెయ్యంత ఫొటో మీద కూడా అవే గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఏముందో చూసుకుంటూ ఇరవై అడుగుల మొహం వేసేవాడు. గుడ్డ ఖరీదు కనుక సినిమా మారగానే దానిమీదే తెల్లరంగు కొట్టి కొత్త బొమ్మ. అంటే ప్రతి హీరో కిందా ఇంకో హీరో ఉండేవాడన్నమాట! వానాకాలంలో ఒక్కోసారి పై హీరో పెచ్చులూడి, కింది హీరో మీసం బయటపడేది. అభిమానులు తగువుకొచ్చేవారు.

పక్కన ట్రాన్సిస్టరు. వివిధభారతిలో జనరంజని వస్తుంటే ఆయన చెయ్యి ఆ పాటల తాళానికే ఆడేది. ఎంతసేపు పట్టిందని అడిగితే గంటల్లో చెప్పేవాడు కాదు. “మొకానికి నాలుగు పాటలు, చీరకు రెండు” అనేవాడు. నాకు పదేళ్ళు. నా పని ఆకాశం నింపడం. ఆకాశంలో తప్పు చేసినా ఎవరికీ తెలీదని నాకు ఆకాశమే ఇచ్చేవాడు. అక్షరాలు మాత్రం ముట్టనిచ్చేవాడు కాదు. “ఏం రా, ఇది ఎవలకోసం రాస్తున్నం? ఈడ నిలబడి సూసేటోనికి కాదు. బస్సుల కూసున్నోడు సదవాలె. ఆని బస్సు ఆగదు.” అదీ పాఠం. తర్వాత నేను చాలా డబ్బు పోసి ఇంగ్లీషులో చదువుకున్న పాఠాల్లో సగం దీనికి వ్యాఖ్యానాలే.

ఇక చదివినవి. ఇందిరా పార్కు దగ్గర ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన పెడతారు కదా, మన అశోక్‌నగర్‌కు కూతవేటు దూరం. అక్కడికి పోతే నాకు రెండు సంచులు చాలవు. ఇంట్లో గొడవ. ఆ గొడవల మధ్య నేను మళ్ళీ మళ్ళీ తిరగేసిన పుస్తకం ఈశ్వర్ గారి ‘సినిమా పోస్టర్’. నంది అవార్డు వచ్చిన పుస్తకం. ఈశ్వర్ పేరు మీలో చిన్నవాళ్ళకు తెలీకపోవచ్చు, కానీ మీ నాన్నగారు ఏ పోస్టరు చూసి ఇంట్లో చెప్పకుండా మాట్నీకి పరిగెత్తారో, అది ఈయన వేసిందయ్యే అవకాశం చాలా ఉంది. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్ళిన మనిషి. బాపు తొలి సినిమా ‘సాక్షి’ 1967లో వచ్చింది, ఈశ్వర్‌కూ పబ్లిసిటీలో అదే తొలి సినిమా. అక్కణ్ణుంచి రెండు వేలకు పైగా సినిమాలు. 2021 సెప్టెంబరులో చెన్నైలో కన్నుమూశారు. తెర మీద పేరు వేసినా, మనం ఆ పేరు వచ్చేసరికి ఇంకా సీటు వెతుక్కుంటూ ఉంటాం. ఈ పుస్తకం చదివాక నేను టైటిల్స్‌కు ముందే లోపల ఉంటున్నాను. పాప్‌కార్న్ తర్వాత.

పుస్తకాన్ని చిన్నాయనకు చూపించాను. ఇప్పుడాయనకు డెబ్బై దాటాయి. రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషనయింది. పేజీకి పావుగంట. బొమ్మ మీద వేలు పెట్టి, బ్రష్షు ఎటునుంచి ఎటు పోయిందో గాల్లో గీసి చూపించాడు. “ఈ ముక్కు సూడు. ఒక్క గీత. ఒక్కటే!” అని నవ్వాడు. చాలా కాలానికి నవ్వాడు. ఎందుకు చాలా కాలానికో చెప్పాలంటే నా సిగ్గుమాలిన సంగతి చెప్పాలి.

చదువైన కొత్తలో నాకు మొదటి ఉద్యోగం చిక్కడపల్లి సందులో ఒక ఫ్లెక్సీ దుకాణంలో దొరికింది. కంప్యూటరు ముందు కూర్చుని బొమ్మలు అతికించే పని. ఇరవై అడుగుల మొహం చాయ తాగి వచ్చేలోపు యంత్రంలోంచి దిగేది. నెల తిరగ్గానే ఒక థియేటరువాళ్ళు వచ్చారు. చిన్నాయన ఏళ్ళ తరబడి గీసిన థియేటరు. నేనే చేశాను ఆ బొమ్మ. రాత్రి ఇంటికొచ్చి అన్నం తిన్నాను, ఆయన పక్కనే పడుకున్నాను, చెప్పలేదు. పొద్దున ఆయన సైకిలు మీద రంగుల డబ్బాలు కట్టుకుని వెళ్ళి, పైన ఫ్లెక్సీ కట్టి ఉండటం చూశాడు. కాసేపు నిలబడి, బొటనవేలితో రుద్ది చూశాడట. సాయంత్రం నన్ను ఒకటే అడిగాడు: “ఎండకు ఎన్ని దినాలుంటది రా?” కోపం లేదు, తిట్టు లేదు. తర్వాత కొన్నాళ్ళు షట్టర్ల మీద పేర్లు, బండ్లకు నెంబర్ ప్లేట్లు రాశాడు. వాటికీ స్టిక్కర్లొచ్చాయి.

ఈ కథ ఇప్పుడెందుకంటారా? వస్తున్నా.

చదివిన రెండోది ముళ్ళపూడి వెంకటరమణ గారి ‘కోతి కొమ్మచ్చి’. ‘స్వాతి’ వారపత్రికలో సీరియల్‌గా వచ్చి 2009లో పుస్తకమైంది. కొత్తది కాదు, కానీ నేను ఏడాదికోసారి చదువుతాను. ఆత్మకథ అంటే పుట్టిన తేదీతో మొదలై వరసగా నడవాలని ఎవరన్నారు? ఈయన పేరులో చెప్పినట్టే కొమ్మ మీంచి కొమ్మకు దూకుతాడు. చిన్నప్పుడే తండ్రి పోయి, తల్లితో మద్రాసు చేరి పడిన ఆకలి గురించి రాస్తూ మిమ్మల్ని నవ్విస్తాడు, నవ్వుతుండగా గొంతు పట్టుకుంటాడు. మా ఆఫీసులో ఒక్కో చిన్న విషయానికి యాభై పేజీల నివేదికలు రాసేవాళ్ళకు ఇది పాఠ్యపుస్తకంగా పెట్టాలని నా కోరిక. పెట్టనివ్వరు.

మూడోది పుస్తకం కూడా కాదు, కొద్ది పేజీల రిపోర్టు. అమెరికా డిజైనర్లు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే భార్యాభర్తలు మన ప్రభుత్వం పిలిస్తే దేశమంతా తిరిగి 1958లో రాసిచ్చారు. దాని ఫలితంగానే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ వెలిసింది. ఇంతకీ ఈ దేశంలో వాళ్ళకు అన్నిటికంటే నచ్చిన వస్తువేమిటో తెలుసా? తాజ్‌మహల్ కాదు. చెంబు! అవును, మనింట్లో పెరట్లో పడుండే చెంబు. ఎంత నీళ్ళు పట్టాలి, చంకన పెట్టుకుంటే ఎలా ఇమడాలి, వంచితే ధార ఎలా రావాలి, తోమడం ఎలా, ధర ఎంత, చివరికి రాతి మీద పెడితే ఏం చప్పుడు చేస్తుంది... ఇన్ని ప్రశ్నలకు జవాబు ఆ ఆకారం. దాన్ని ఏ ఒక్కడూ గీయలేదు, తరాల తరబడి ఎన్నో చేతులు సరిదిద్దుకుంటూ వచ్చాయని వాళ్ళ అభిప్రాయం. చదివాక మా అమ్మ పాత ఇత్తడి చెంబు అటక మీంచి దింపి చప్పుడు చేసి చూశాను. నాకేమైందోనని అమ్మ కంగారు పడింది.

చూసినవి చెప్పకపోతే మీరు నన్ను క్షమించరు. 2022 ఆగస్టులో ‘పోకిరి’ మళ్ళీ వేసినప్పటి నుంచి పాత సినిమాల జాతర మొదలైంది కదా. నేనూ క్రాస్ రోడ్స్‌లో రెండు మూడింటికి వెళ్ళాను. సినిమా వినపడలేదు. అంతా డైలాగులు ముందే చెప్పేస్తున్నారు, రంగు కాగితాలు నెత్తిన పడుతున్నాయి, తెర ముందు డాన్సు. బాగానే ఉంది, అది జాతర. కానీ నాకు సినిమా కావాలి. అందుకని ఇంట్లో చిన్నాయనను పక్కన కూర్చోబెట్టుకుని ‘సాక్షి’ పెట్టాను. కృష్ణ, విజయనిర్మల. గోదావరి జిల్లాలో పులిదిండి అనే ఊళ్ళో తీశారు. నలుపు తెలుపు. బల్లకట్టు నడుపుకునే అమాయకుడు ఒక హత్య చూస్తాడు, కోర్టులో నిజం చెబుతాడు. హంతకుడు వాణ్ణి చంపుతానని వస్తున్నాడంటే, నిన్నటిదాకా భుజం తట్టిన ఊరు ఊరంతా తలుపులు వేసుకుంటుంది. అంతే కథ. ఫైట్లు చూసి పెరిగిన మీకు ఆ తలుపులు మూసుకోవడం చూస్తే వెన్నులో చలి పుడుతుంది, నాదీ పూచీ.

చూస్తున్నంతసేపూ నాకు స్థిమితం లేదు. ఎందుకంటే ఆ వారమే మా ఆఫీసులో ఒక మాట వచ్చింది. పండగలకు మా యాప్‌లో వేసే బొమ్మలున్నాయి కదా, బతుకమ్మ, దీపావళి, సంక్రాంతి ముగ్గులు... అవన్నీ గీయడానికి ఇద్దరు ఆర్టిస్టులున్నారు. “ఇప్పుడు ఏఐ చిటికెలో గీస్తోంది కదా, ఇద్దరెందుకు? సోమవారం మీటింగులో మీ అభిప్రాయం చెప్పండి” అన్నారు పైవాళ్ళు. అభిప్రాయం అడిగారంటే నిర్ణయం అయిపోయిందని మీరు ఉద్యోగాల్లో చేరాక తెలుసుకుంటారు.

చిన్నాయనకు చెప్పాను. ఆయన తెర మీంచి చూపు తిప్పకుండా అన్నాడు: “నీకు జీతమిచ్చేది ఆల్లే గద. నువ్వొద్దంటే ఆగుతదా? ఫ్లెక్సీ ఆగిందా?” కాసేపాగి, “కాకుంటే ఈసారి ముందుగాల చెప్పు” అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆ సంగతి ఆయన ఎత్తడం అదొక్కసారే.

అదే సాయంత్రం ఇంకోటి జరిగింది. మా యాప్ ఆయన చేతికిచ్చి చూపించాను, కొంచెం గర్వంగానే. కళ్ళజోడు పైకెత్తి, ‘రద్దు’ అని ఉన్న బొత్తాం మీద వేలు పెట్టి, “ద కింద ద ఏది రా?” అన్నాడు. చూద్దును కదా, వత్తు సగం తెగిపోయి ఉంది! ఇంగ్లీషు అక్షరాల కొలతతో గీత గీస్తారు, కింద వేలాడే మన వత్తులు ఆ గీత దాటి కోతకు గురవుతాయి. నా కింద తొమ్మిది మంది, నా పైన నలుగురు, ఎవరికీ కనబడలేదు. 2012 ప్రాంతంలో రామభద్ర, మండలి, సురవరం, పొన్నాల అంటూ బోలెడన్ని తెలుగు ఫాంట్లు ఉచితంగా వచ్చాయి. బాపు చేతిరాత కూడా ఫాంటైంది. అక్షరాలకు కరువు లేదు. వాటికి నిలబడే చోటివ్వడమే తెలీడం లేదు మాకు. ఆపరేషనైన రెండు కళ్ళు నిముషంలో పట్టేశాయి.

శుక్రవారం నాడు ఇద్దరినీ క్యాంటీనుకు తీసికెళ్ళి చెప్పేశాను. సోమవారం ఈ మాట వస్తుంది, నేను ఇలా అనబోతున్నాను, జరిగేది ఇలా ఉండొచ్చు అని. అబ్బాయి ఏమీ అనలేదు, చాయ చల్లారబెట్టాడు. అమ్మాయి మాత్రం, “ఎన్ని నెలలుంటుంది సార్?” అంది. నాకు ఎండా, బొటనవేలూ గుర్తొచ్చాయి.

మీటింగులో నా శక్తి కొద్దీ వాదించాను. ఏఐ చేత తెలుగులో ‘శుభాకాంక్షలు’ వేయించి చూపించాను. అది వేసిన ‘క్ష’ ఏ భాషదో ఎవరికీ తెలీలేదు, అందరూ నవ్వారు. అబ్బాయి చేతిరాత అక్షరాలు బాగా వేస్తాడు కనుక అతని ఉద్యోగం నిలబడింది. అమ్మాయికి మూడు నెలల గడువిచ్చారు. వెళ్ళేముందు ఆమె ‘సినిమా పోస్టర్’ పుస్తకం అడిగింది, ఇచ్చాను.

విన్నవి చివర్లో పెట్టానని అలగకండి. మెట్రోలో నా చెవుల్లో ఈమధ్య ఇళయరాజా ‘హౌ టు నేమ్ ఇట్’ ఉంటోంది. 1986లో వచ్చిన ఆల్బం. పాటలు లేవు, మాటలు లేవు, ఒట్టి వాద్యాలు. త్యాగరాజుకూ, జర్మనీ సంగీతకారుడు బాఖ్‌కూ అంకితం. మాటల్లేని సంగీతం బోరనుకునేవాళ్ళు ముషీరాబాద్‌లో ఎక్కి హైటెక్ సిటీ దాకా విని చూడండి. క్రాస్ రోడ్స్ వైపు వెళ్ళేటప్పుడు వింటే మాత్రం నాకు పోస్టర్లు కదులుతున్నట్టు ఉంటుంది. ఒక శనివారం చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఘంటసాల పాటల కచేరీకి చిన్నాయనను తీసికెళ్ళాను. మైకు గరగరలాడింది, తబలా అతను కొంచెం తొందరపడ్డాడు. అయినా హాలంతా పెదాలు కదుపుతూనే ఉంది. చిన్నాయన వేళ్ళు మాత్రం పాడలేదు, కుర్చీ చెయ్యి మీద ఏదో గీస్తున్నాయి. నాలుగో పాట కాగానే నావైపు వంగి, “మొకమయింది” అన్నాడు.

ఇంటికొచ్చాక మళ్ళీ ఆ పోస్టర్ల బుక్కు తెమ్మన్నాడు.

“లేదు, ఇచ్చిన.”

“ఎవలకు?”

చెప్పాను. కాసేపు ఆలోచించాడు.

“బ్రష్షు పట్టుడు వచ్చునా ఆ పిల్లకు?”

“వచ్చు.”

“ఐతారం రమ్మను. అక్షరం గడిలెట్ల కూసుంటదో చెప్త.”

రమ్మని చెప్పాను. ఆమె ఇంకా రాలేదు. వానలు కదా. చిన్నాయన మాత్రం ఎక్కణ్ణుంచో పాత బ్రష్షులు తీసి, ఆ ఇత్తడి చెంబులోనే కిరసనాయిలు పోసి నానబెట్టాడు. అమ్మ ఊరుకోవడం లేదు.